పెంకు మొదలు పునాది దాకా

ఉదయం ఆరున్నర. కోనసీమలో, గోదావరి పాయకు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్ళో, ఓ మండువా లోగిలి ముందు నిలబడి ఉన్నారు మీరు. ఇల్లు ఖాళీ అయిపోయింది. అరుగు మీద గునపాలు, సుత్తులు, రెండు మోకులు, గోనెసంచుల కట్ట. చూరుకి నిచ్చెన ఆనించి ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు అప్పుడే ఇంటి కొప్పు దాకా ఎక్కేశారు.

"చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండ్రా, తేళ్ళుంటాయి!" కింద నుంచి మేస్త్రి కేక.

మొదటి కొప్పు పెంకు లేచింది. దాని కింద సున్నప్పొడి, పిచ్చుకలు పేర్చుకున్న ఎండుగడ్డి, ఏళ్ళ తరబడి వంటింటి పొగ పట్టిన మసి. కుర్రాడు తుమ్మాడు. పెంకు మాత్రం చేతిలోంచి జారలేదు.

పైనుంచి కిందికి ఏడుగురు వరసగా నిలబడ్డారు. మీకూ ఆ వరసలో ఓ చోటు చూపిస్తారు. పెంకు అందుకోవడం తేలికే. వదలడమే కష్టం. పక్కవాడి వేళ్ళు బిగిశాకే మీ వేళ్ళు సడలాలి. కాసేపటికి ఆ లయ ఒంటబడుతుంది. చేతులు వాటంతటవే చాచుకుంటాయి, మాటలు ఆగిపోతాయి. వరస చివర నేల మీద కూర్చున్న పెద్దావిడ ప్రతి పెంకునీ వేలి కణుపుతో కొట్టి వింటోంది. ఖంగుమంటే కుడివైపు దొంతరలోకి, బొదబొదమంటే ఎడమవైపు కుప్పలోకి. మీ కంటికి రెండూ ఒకటే. బీట ఆవిడ చెవికి దొరుకుతోంది.

ముందు వసారా మీదున్నవి బంగాళా పెంకులు. వెనక్కి తిప్పితే కంపెనీ ముద్ర ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు మొదలుపెట్టిన ఫ్యాక్టరీతో ఈ రకం పెంకు దక్షిణాదంతా పాకింది. వెనకవైపున్నవి ఊరి కుమ్మరి చేసిన గూన పెంకులు. ఒకటి విరిగితే పక్కది జరిపి సర్దుకునేలా కప్పిన కప్పు ఇది. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక్కొక్కటిగా చేతికొస్తోంది.

తొమ్మిదయ్యేసరికి ఇంటి మీద ఆకాశం తెరుచుకుంది. ఇప్పుడు ఎముకల గూడు కనిపిస్తోంది: దూలాలు, వాసాలు, అడ్డంగా పెండెలు. మేస్త్రి సుద్దముక్క తీసి ప్రతి వాసం మొదట్లో ఓ అంకె, చివర్లో ఓ గీత పెడుతున్నాడు. "ఎక్కడిదక్కడ తెలియకపోతే కొన్నవాడు మళ్ళీ కోసుకోవాలండీ. కోస్తే పొడుగు పోద్ది, పొడుగు పోతే రేటు పోద్ది." చెన్నై దగ్గర ముట్టుకాడులో ఉన్న దక్షిణచిత్ర మ్యూజియానికి వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. దక్షిణాది పాత ఇళ్ళు కొన్నిటిని ఉన్నచోట విప్పి, అక్కడికి చేర్చి మళ్ళీ నిలబెట్టారు. ఇల్లంటే చోటు మారగల సామాను అన్న సంగతి ఈ మేస్త్రికి ఏ మ్యూజియమూ చెప్పలేదు.

దూలం స్తంభాన్ని కలిసేచోట మీరు మేకు కోసం వెతుకుతారు. మేకు ఉండదు. స్తంభం తలలో తొలిచిన గాడి, అందులో కూర్చున్న దూలపు నాలుక, రెండిటినీ గుచ్చి పట్టుకున్న చిటికెన వేలంత చెక్క చీల. వడ్రంగి ఆ చీల సన్నటి కొస మీద ఇనుప కడ్డీ ఆనించి రెండు దెబ్బలు వేశాడు. మూడో దెబ్బకి చీల అవతలివైపు బయటికి వచ్చి నేల మీద పడింది. తీసి చూడండి. ఒక కొస లావు, ఒక కొస సన్నం. ఏ వైపు నుంచి దిగ్గొట్టారో, ఏ వైపు నుంచి తియ్యాలో దాని ఆకారంలోనే ఉంది. కట్టినవాడు విప్పేవాడికి దారి వదిలిపెట్టాడు.

నలుగురు మోకులు పట్టుకుంటే దూలం కిందికి దిగుతుంది. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదంగుళాల పలక. రంగూన్ టేకు అంటున్నారు. ఈ తీరంలో పాత ఇల్లన్నాక రంగూన్ టేకని చెప్పుకోవడం రివాజు. అందులో కొంత నిజం, కొంత గొప్ప. ఏ ఊరి టేకైనా ఈ దూలం సుమారు వంద కిలోలుంటుంది. ఎండిన కలప బరువులో సగం కర్బనమే. లెక్క కడితే ఈ ఒక్క దూలంలో దాదాపు 180 కిలోల బొగ్గుపులుసు వాయువు గడ్డకట్టి ఉన్నట్టు. గుమ్మంగానో మంచంగానో మళ్ళీ వాడితే అది అందులోనే ఉంటుంది. పొయ్యిలో పెడితే ఒక్క రోజులో గాలిలో కలుస్తుంది. గోడలో దాగిన కొసలు మాత్రం చెద తినేసింది. వడ్రంగి గునపం మొనతో పొడిచి చూసి, గట్టి కలప తగిలినచోట గీత గీశాడు. దూలం అడుగున్నర పొట్టిదైంది. ఆ ముక్కలు మాత్రం పొయ్యికే.

డబ్బు సంగతి అడగండి, మేస్త్రి దాచడు. ఈ ఇంటి సామానంతా అతను గుత్తకు కొన్నాడు. ఆసామి చేతి నుంచి రూపాయి పడలేదు, పైగా ఆయనకే ముట్టింది. మన ఊళ్ళలో ఇది మామూలే. అమెరికాలో లెక్క తిరగబడుతుంది. అక్కడ కూలి ఖరీదు, పాత సామాను చవక. విప్పించుకోవాలంటే ఆసామే ఎదురు కట్టాలి. అందుకే పోర్ట్‌లాండ్ నగరం చట్టం తేవాల్సి వచ్చింది. 1916కో అంతకు ముందో కట్టిన ఇంటి మీద యంత్రం పెట్టి పిండి చెయ్యకూడదు, చేత్తో విప్పి సామాను దక్కించాలి అన్న నిబంధన 2016 అక్టోబర్ 31న అక్కడ అమల్లోకి వచ్చింది. 2020లో ఆ గీతని 1940 దాకా జరిపారు. వాళ్ళు శాసనంతో తెచ్చుకున్న పనిని మనవాళ్ళు బతుకుతెరువుగా చేస్తున్నారు.

"మరి ఈ పని ఎందుకు తగ్గిపోతోంది?" అంటే, మేస్త్రి నోటితో చెప్పడు. గడ్డం పైకెత్తి పక్క దొడ్డి వైపు చూపిస్తాడు.

అక్కడ పొక్లెయిన్ స్టార్టయింది.

పక్క దొడ్డిలో డాబా ఇల్లుంది. లోగిలిలో సగం వయసు కూడా ఉండదు దానికి. స్లాబు అడుగున ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, పెచ్చులూడి, నీళ్ళు కారుతోంది. పొక్లెయిన్ చెయ్యి పైకి లేచి పిట్టగోడ మీద పడింది. నేల అదిరింది. దుమ్ము లోగిలి మండువాలోకి వచ్చి మీ పళ్ళ మధ్య కరకరలాడుతోంది. డ్రైవరుకి గంటకింతని కిరాయి. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ ఇల్లు గుట్టవుతుంది. ఈ లోగిలి విప్పడానికి పది పదిహేను రోజులు. స్థలం తొందరగా కావాలన్నవాడికి ఆ తేడా చాలు.

గుట్ట దగ్గరికి వెళ్ళి ఇటుకల కోసం వెతకండి. ఒక్కటీ నిండుగా దొరకదు. తిరిగొచ్చి లోగిలి గోడ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు చేస్తున్న పని చూడండి. గోడ మీంచి ఇటుక ఊడబెరికి, ఒళ్ళో పెట్టుకుని, తాపీ అంచుతో నాలుగువైపులా గీకుతున్నారు. తెల్లటి సున్నం పొడిపొడిగా రాలుతోంది. కాసేపట్లో ఇటుక బట్టీలోంచి అప్పుడే వచ్చినట్టు నిగనిగలాడుతోంది. ఇది గుల్ల సున్నం. ఉప్పుటేరు గుల్లలు కాల్చి, గానుగలో ఇసకతో నూరి పెట్టింది. ఆ సున్నం ఇటుక కన్నా మెత్తన. దెబ్బ తగిలితే ముందు అతుకు లొంగుతుంది, ఇటుక మిగులుతుంది. సిమెంటేమో ఇటుక కన్నా గట్టిది. దెబ్బ తగిలితే ఇటుక విరుగుతుంది, అతుకు నిలబడుతుంది. పక్క దొడ్డి గుట్టలో నిండు ఇటుక లేకపోవడానికి పొక్లెయిన్ ఒక్కటే కారణం కాదు. అక్కడ చేత్తో విప్పినా దక్కేది కొద్దే. ఆ సంగతి ఆ ఇల్లు కట్టిన రోజే ఖాయమైంది.

గీకిన ఇటుక మీ అరచేతిలో పెడతారు. ఇప్పటి ఇటుక కన్నా పలచన, వెడల్పు. ఇలాంటిది కొత్తది కావాలంటే మళ్ళీ మట్టి తవ్వాలి, బట్టీ వెయ్యాలి. బొగ్గు బట్టీలో లక్ష ఇటుకలకి దాదాపు 20 టన్నుల బొగ్గు. అంటే ఇటుకకి గుప్పెడు, రెండొందల గ్రాములు. సిమెంటు సంగతి ఇంకో రకం. టన్ను క్లింకర్ తయారు చేస్తే, పొయ్యిలో మండే బొగ్గు కాకుండా, సున్నపురాయిలోంచే అర టన్ను పైచిలుకు బొగ్గుపులుసు వాయువు బయటికొస్తుంది. గుల్ల కాల్చినప్పుడూ వస్తుంది కానీ, గోడలో ఆరుతూ ఆరుతూ సున్నం గాలిలోంచి చాలావరకు తిరిగి తీసుకుంటుంది. గట్టిపడటమంటే అదే.

ఇటుకలు గీకుతున్న ఆవిడ కాస్త ఆగి గోడ మీద నడుం ఎత్తున ఉన్న గోధుమరంగు చార చూపించింది. "ఎనభై ఆరు వరదండీ. ఇంతెత్తున నీళ్ళు. అటక మీద కూర్చున్నారంట పిల్లలందరూ." ఆ ఆగస్టులో గోదావరి చేసిన గాయం ఈ జిల్లాల్లో ఇంకా ఇలా గోడల మీద కనిపిస్తుంది. పదేళ్ళకి, 1996 నవంబర్ 6న, తుపాను వచ్చింది. కోనసీమలో కొబ్బరిచెట్లు నడుం విరిగి పడ్డాయి. పెంకుటిళ్ళ కప్పులు ఎగిరిపోయాయి. ఆ రాత్రి డాబాల్లో తలదాచుకున్నవాళ్ళు తర్వాత స్లాబు వేసుకున్నారంటే, దాన్ని పట్నపు మోజని కొట్టిపారెయ్యకండి. స్లాబు కింద ప్రాణం నిలుస్తుందన్న నమ్మకం అది. తుపాను దారిలో ఉన్న ఊరికి పెంకుటిల్లే మేలని చెప్పేవాడు ఆ రాత్రి ఇక్కడ లేనివాడు అయ్యుంటాడు.

అందుకే ఈ కథలో లోగిలి మంచిది, డాబా చెడ్డది అని తేల్చెయ్యడానికి లేదు. లోగిలిలోనూ విషం ఉంది, వెనక్కి రండి. వంటింటికి ఆనించి తర్వాతెప్పుడో దింపిన వసారా మీద సిమెంటు రేకులున్నాయి. ఆస్‌బెస్టాస్. కుర్రాడు సుత్తి ఎత్తాడు. మేస్త్రి పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "పగలగొట్టకు. తడిపి దించు." ఆ నార ఊపిరితిత్తుల్లోకి పోతే దశాబ్దాల తర్వాత క్యాన్సరై తేలుతుంది. బకెట్లతో నీళ్ళు పోసి, బోల్టులు ఊడదీసి, రేకుల్ని విరగకుండా దించారు. అందరి మొహాలకీ తువ్వాళ్ళే. ఈ పనికి సరైన మాస్కు ఒక్కరికీ లేదు. పాత సామాను మళ్ళీ వాడదాం అనే మాటలో ఏది వాడకూడదు అన్నది కూడా ఉండాలి.

మధ్యాహ్నం. పక్క దొడ్డి గుట్ట చుట్టూ ఇనుము ఏరేవాళ్ళు చేరారు. కాంక్రీటు ముక్కల్ని సుత్తితో చితక్కొట్టి వంకర్లు తిరిగిన ఊచల్ని లాగుతున్నారు. ఇనుముకి ఎప్పుడూ బేరం ఉంటుంది, అది మళ్ళీ కొలిమికి పోతుంది. మిగిలిన రబ్బీసు ట్రాక్టర్లకెత్తుతున్నారు. ఒక ట్రాక్టరు వెనక నడవండి. చెరువు గట్టు పక్కన పల్లంలో తొట్టె ఎత్తి కుమ్మరించాడు. మొన్నటిదాకా వాన నీళ్ళు నిలిచిన చోటది. వచ్చే వానాకాలం ఆ నీళ్ళు ఇంకో చోటు వెతుక్కోవాలి, బహుశా ఎవరి గుమ్మంలోనో.

చట్టం లేదా అంటే, ఉంది. 2016లో కేంద్రం తెచ్చిన నిబంధనలు, రోజుకి 20 టన్నులో, ఒక ప్రాజెక్టులో నెలకి 300 టన్నులో దాటి శిథిలాలు వచ్చేచోట కాంక్రీటు, మట్టి, ఇనుము–కలప–ప్లాస్టిక్, ఇటుక–గార అని నాలుగు రకాలుగా వేరుచెయ్యాలన్నాయి. ముందుగా ప్రణాళిక ఇవ్వాలన్నాయి. ట్రాక్టరు తొట్టెకి మూడు టన్నులనుకున్నా ఏడో ట్రిప్పుకి గీత దాటినట్టే. కానీ ఈ గట్టు మీద ట్రిప్పులు లెక్కపెట్టే మనిషి లేడు. ఆ నిబంధనల స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా కొత్తవి వచ్చాయి. శిథిలాలకి నిర్మాణదారుణ్ణే బాధ్యుణ్ణి చేసే ఏర్పాటు వాటిలో ఉంది. అది 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో రోజుకి 500 టన్నుల చొప్పున కాంక్రీటు నలిపి కంకర, ఇసక తీసే ప్లాంట్లున్నాయి. కాంక్రీటులో ఆ కంకర కొంతవరకు కలపొచ్చని 2016 నాటి భారతీయ ప్రమాణమే ఒప్పుకుంది. ఇక్కణ్ణించి అక్కడికి రబ్బీసు తోలితే డీజిలే తినేస్తుంది. ఈ ఊరికి ఈ ఊళ్ళోనే దారి వెతకాలి.

అందుకని సాయంత్రం పంచాయతీ ఆఫీసు వసారాలో, బల్ల మీద కూర్చోండి. వచ్చే ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాస్తున్నారు. దానికున్న తొమ్మిది ఇతివృత్తాల్లో అయిదోది పరిశుభ్రత, పచ్చదనం. దాని కింద ప్రతి ఊళ్ళోనూ రాసేవే రాశారు: మొక్కలు నాటడం, సోలార్ దీపాలు, చెత్త బండి. కేరళలో మీనంగాడి పంచాయతీ 2016లోనే తన ఊరి కర్బనాన్ని తానే లెక్కేసుకునే పనికి దిగింది. ఇక్కడి కాగితంలో కూలే ఇళ్ళ మాటే లేదు. ఊరి మొత్తానికి పొయ్యిలో బొగ్గు, గనిలో రాయి ఆదా చేసే మనుషులు ఇప్పుడే ఒంటికి సున్నంతో ఇంటికి పోతున్నారు. వాళ్ళు ఆ కాగితంలో లేరు.

"ఏం రాయమంటావు మేస్త్రీ?" అడిగాడు వార్డు మెంబరు, సగం ఎగతాళిగా.

మేస్త్రి గడప దగ్గరే నిలబడి చెప్పాడు. "కూల్చే పదిహేను రోజుల ముందు చెప్పించండి, అంతే. కాయితం మీకొస్తే నాకు తెలుస్తాది. పొక్లెయిన్‌వాడు పొద్దున్నొచ్చాక నేనొచ్చి ఏం లాభమండీ?"

ఎగతాళి ఆగింది. కొత్త ఇంటికి ఎలాగూ పంచాయతీ అనుమతి కావాలి. ఆ దరఖాస్తులోనే పాత ఇల్లుందా, ఎప్పుడు తీస్తారు అని ఒక గడి పెట్టడానికి ఖర్చేముంది? చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం పేరుతో ఊరి చివర వేసిన షెడ్డులో సగం ఖాళీగానే ఉంది. అమ్ముడుపోని పెంకు, ఇటుక వానకి తడవకుండా అక్కడ దాచొచ్చు. పంచాయతీ కట్టే బస్టాపు అరుగుకీ, బడి ప్రహరీకీ, కాలువ గట్టు మెట్లకీ ముందు ఆ ఇటుకే వాడాలని తీర్మానించొచ్చు. చెరువు పల్లంలో రబ్బీసు పోస్తే జరిమానా. రేకులు దించేవాళ్ళకి మాస్కులు. సెక్రటరీ ఒక్కొక్కటే రాసుకుంటున్నాడు. జరిమానా దగ్గర మాత్రం కలం ఆగింది, పల్లం పూడుస్తున్న స్థలం ఎవరిదో అందరికీ తెలుసు. గొంతులు లేచాయి. అరగంట వాదన తర్వాత ఆ ఒక్కటీ గ్రామసభకి వాయిదా పడింది. మిగతావి కాగితం మీదికెక్కాయి.

మర్నాడు లోగిలి వెనక దొడ్డికి రండి. ఆసామి కొడుకు కొత్త ఇంటికి ముగ్గు పోయిస్తున్నాడు. స్లాబు ఇల్లే. తుపాను సంగతి తెలిసినవాడు. కానీ నిన్నంతా మీతోపాటే నిలబడి చూశాడు కాబట్టి తాపీమేస్త్రితో పేచీ మొదలైంది. ప్రహరీ, ముందు వసారా గోడలు పాత ఇటుకతో, సున్నం గారతో కట్టమంటాడు. సున్నం ఆరడానికి రోజులు పడుతుందంటాడు తాపీమేస్త్రి. వసారాకి పెంకు కప్పు. గాలికి లేవకుండా పెంకుల్ని తీగతో కట్టాలి, దూలాల్ని బోల్టులతో బిగించాలి, మేకులొద్దు. గుమ్మాల్ని కాంక్రీటులో పాతకుండా మరలతో గోడకి పట్టించాలి. "ఇవన్నీ ఎందుకు బాబూ, ఎవరు విప్పుతారు?" "విప్పకపోతే నష్టం లేదుగా." తాపీమేస్త్రి తల గోక్కుని, మరలకయ్యే ఖర్చు వేరే రాయమన్నాడు.

ఇంతలో లోగిలి సింహద్వారం బయటికొచ్చింది. గుమ్మం పై కమ్మీ మీద చిలకలు, తామరపూల చెక్కడం. కొడుకు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వేలితో మసి తుడిచి చూశాడు.

"మేస్త్రీ, ఇది నా వసారాకి పెట్టుకుంటాను."

"పెట్టుకోండి బాబూ. మీ నాన్నగారి దగ్గర గుత్తలో కొన్నదేగా."

"ఎంతకిస్తావు?"

"అడితి రేటండీ." మేస్త్రి చెవి మీదున్న సుద్దముక్క తీసి, అమ్మినవాళ్ళకే దాన్ని తిరిగి అమ్మే లెక్క గుమ్మం మీదే వెయ్యడం మొదలెట్టాడు.